మాంగనీస్ డైఆక్సైడ్ వదిలించుకోవాలి, టీఎస్-1 మనకి పనికొస్తుందా?

బొల్లారం_బ్యాచ్ (ప్రశ్న):

అందరికీ నమస్తే. హైదరాబాద్ పక్కన ఒక చిన్న ఇంటర్మీడియట్స్ యూనిట్‌లో ప్రాసెస్ డెవలప్‌మెంట్ చూస్తుంటాను. మా రూట్‌లో ఒక స్టెప్, బెంజైల్ ఆల్కహాల్ తరహా మాలిక్యూల్ నుంచి ఆల్డిహైడ్ చేయడం. పేరు చెప్పలేను, మాలిక్యులర్ వెయిట్ 180 దగ్గర, రింగ్ మీద 1, 2, 4 పొజిషన్లు మూడూ నిండి ఉంటాయి, అందులో రెండు ఆల్కాక్సీ గ్రూపులు. ఎప్పట్నుంచో టోలీన్‌లో యాక్టివేటెడ్ మాంగనీస్ డైఆక్సైడ్ 8 ఈక్వివలెంట్లు (ఒక్కో ఆల్కహాల్ అణువుకి ఎనిమిది లెక్కన) వేసి వేడి చేస్తున్నారు. లెక్కేస్తే కిలో ఆల్కహాల్‌కి దాదాపు 4 కిలోల నల్ల పొడి. హైఫ్లో (ఫిల్టర్‌కి సాయపడే పొడి) బెడ్ మీద ఫిల్టర్ చేస్తే కేక్ టోలీన్‌ని పీల్చుకుని కూర్చుంటుంది, ఎన్ని వాష్‌లు ఇచ్చినా కొంత ప్రొడక్ట్ అందులోనే పోతుంది, ఆ తడి కేక్‌ని డ్రమ్ముల్లో నింపి టీఎస్‌డీఎఫ్‌కి (ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి) పంపడం ఇంకో తలనొప్పి. ఫిల్టర్ దగ్గర పనిచేసేవాళ్ల గ్లవ్స్, మాస్కులు, పక్క గోడ అన్నీ నలుపే.

ఈమధ్య ఒక విదేశీ కస్టమర్ ఆడిట్‌కి వచ్చి, కిలో ప్రొడక్ట్‌కి ఎంత వేస్ట్ వస్తోందో స్టెప్ వారీగా చూపించమన్నారు. ఆ షీట్ చూశాక మా ఎండీ గారికి టెన్షన్ మొదలైంది. సరిగ్గా అప్పుడే ఒక క్యాటలిస్ట్ ట్రేడర్ వచ్చి టీఎస్-1 అనే టైటానియం క్యాటలిస్ట్ శాంపిల్ చేతిలో పెట్టి, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో వాడండి సార్, బైప్రొడక్ట్ నీళ్లే, ఫిల్టర్ చేసి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు అని చెప్పి వెళ్లాడు. పేపర్లు తిరగేస్తే అన్నిట్లో యీల్డ్ 95 శాతం పైనే, కింద "ఐదు సైకిళ్ల తర్వాత కూడా యాక్టివిటీ తగ్గలేదు" అని ఒక లైను. నిజంగా ఇది మన సైజు మాలిక్యూల్స్‌కి పనిచేస్తుందా? పనిచేస్తే మెటల్ ప్రొడక్ట్‌లోకి రాదని ఎలా తేల్చుకోవాలి? 500 లీటర్ల రియాక్టర్‌లో చేసిన అనుభవం ఉన్నవాళ్లు చెప్తే ఇంకా మంచిది.

జియోలైట్_బాబాయ్:

టీఎస్-1 మంచి సరుకే, మీ మాలిక్యూల్‌కి కాదంతే.

సిలికా జియోలైట్‌లో, అంటే సన్నటి దారులున్న స్ఫటికంలో, అక్కడక్కడా సిలికాన్ చోట టైటానియం కూర్చుంటే అది టీఎస్-1. ఇటలీ వాళ్ల కనుగోలు, 1983లో పేటెంట్ వచ్చింది. దానికంటే ముందే షెల్ కంపెనీ సిలికా మీద టైటానియం ఎక్కించి ప్రొపిలీన్ ఆక్సైడ్ చేస్తుండేది, కానీ దానికి ఇథైల్‌బెంజీన్ హైడ్రోపెరాక్సైడ్ లాంటి ఆర్గానిక్ పెరాక్సైడ్ కావాలి, నీళ్లు తగిలితే ఆ టైటానియం మొద్దుబారిపోతుంది. మనం కొనే పెరాక్సైడ్ డ్రమ్ములో సగం, లేదంటే అంతకన్నా ఎక్కువే నీళ్లు కదా. టీఎస్-1లో టైటానియం అణువులు ఒకదానికొకటి దూరంగా ఉంటాయి, పైగా దాని లోపలి దారులకి నీళ్లంటే పెద్దగా పడదు, అందుకని ఆ నీళ్లలో కూడా పెరాక్సైడ్‌ని పట్టుకుని ఆక్సిజన్‌ని ఆర్గానిక్ వైపు ఇవ్వగలుగుతుంది. అంతకుముందు ఏ సాలిడూ ఇంత బాగా చేయలేదు.

పెద్ద ప్లాంట్లలో దీని చరిత్ర కాగితాల మీదది కాదు. 1986లో ఇటలీలోని రావెన్నాలో ఫినాల్ నుంచి క్యాటికాల్, హైడ్రోక్వినోన్, ఏడాదికి 10,000 టన్నుల ప్లాంట్. 2003లో జపాన్‌లోని నీహామాలో సుమితోమో వాళ్లు సైక్లోహెక్సనోన్, అమోనియా, పెరాక్సైడ్ కలిపి నేరుగా ఆక్సైమ్ చేసి, తర్వాతి రీఅరేంజ్‌మెంట్‌ని కూడా సల్ఫ్యూరిక్ యాసిడ్ లేకుండా గ్యాస్ ఫేజ్‌లో కానిచ్చి, టన్నులకొద్దీ వచ్చే అమ్మోనియం సల్ఫేట్‌ని మొత్తం తీసేశారు, అది ఏడాదికి 60,000 టన్నులు. 2008లో దక్షిణ కొరియాలోని ఉల్సాన్‌లో లక్ష టన్నుల ప్రొపిలీన్ ఆక్సైడ్, ఆ వెంటనే బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో బీఏఎస్ఎఫ్, డౌ కలిసి 3 లక్షల టన్నులు. పాత క్లోరోహైడ్రిన్ దారిలో టన్ను ప్రొపిలీన్ ఆక్సైడ్‌కి దాదాపు 2 టన్నుల కాల్షియం క్లోరైడ్ ఉప్పునీళ్లలో పోయేది, ఆ స్థానంలో ఇప్పుడు నీళ్లు మాత్రమే.

ఇప్పుడు ఆ లిస్టులో ఉన్నవాటి సైజు చూడండి. ప్రొపిలీన్, ఫినాల్, అమోనియా. (సైక్లోహెక్సనోన్ కూడా లోపలికి వెళ్లాల్సిన పనిలేదంటారు, లోపల అమోనియా హైడ్రాక్సిలమైన్ అయి బయటికొచ్చి కీటోన్‌తో కలుస్తుందని ఎక్కువమంది మాట.) టీఎస్-1 దారుల వెడల్పు దాదాపు 0.55 నానోమీటర్లు. బెంజీన్ రింగ్ సర్దుకుని దూరుతుంది, పారా పొజిషన్‌లో ఒక చిన్న గ్రూపు ఉంటే అదీ దూరుతుంది, మూడు చోట్ల గ్రూపులున్న మీ రింగ్ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. మీ ఆల్కహాల్ బయట, టైటానియం లోపల, పెరాక్సైడ్ మాత్రం తన దారిన తాను విరిగిపోతూ ఉంటుంది. పెద్ద దారులున్న టైటానియం బీటా, టైటానియం ఎంసీఎం-41 అని ఉన్నాయి గానీ పెరాక్సైడ్ నీళ్లలో ఎంసీఎం-41 నుంచి టైటానియం ఊడి రావడం బాగా తెలిసిన గొడవ.

శాంపిల్ ఎలాగూ ఉంది కాబట్టి పొడి మీద యూవీ డిఫ్యూజ్ రిఫ్లెక్టెన్స్ (ఏ కాంతిని పీల్చుకుంటుందో చూసే పరీక్ష) చేయించి చూడండి. 210, 220 నానోమీటర్ల దగ్గర ఒక్కటే పీక్ ఉంటే టైటానియం ఫ్రేమ్‌లో ఉన్నట్టు. 330 దగ్గర భుజం కనిపిస్తే అది అనటేజ్, అంటే మామూలు టైటానియం డైఆక్సైడ్, పెరాక్సైడ్‌ని ఊరికే తగలేస్తుంది. ఫ్రేమ్‌లోకి ఎక్కే టైటానియం 2.5 మోల్ శాతం దగ్గర ఆగిపోతుంది, కాబట్టి ట్రేడర్ "మాది 5 శాతం" అంటే సంతోషపడకండి, మిగతాది ఎక్కడుందో అడగండి. ఇంకో సంగతి, మనవాళ్లేం తక్కువ తినలేదు, టైటానియాన్ని ఎంఈఎల్ అనే ఇంకో జియోలైట్ స్ట్రక్చర్‌లో పెట్టి టీఎస్-2 చేసింది పుణె నేషనల్ కెమికల్ ల్యాబొరేటరీ (ఎన్‌సీఎల్)లో రత్నసామి గారి బృందమే, 1990లో.

పరవాడ_నైట్‌షిఫ్ట్:

బాబాయ్ గారు కెమిస్ట్రీ చెప్పేశారు, నేను షెడ్ సంగతి చెప్తా. బొల్లారం బ్రో, మీ రియాక్టర్‌లో ఇన్నాళ్లూ నడిచింది మాంగనీస్ డైఆక్సైడ్. స్కూల్లో పెరాక్సైడ్ నుంచి ఆక్సిజన్ తీసే ప్రయోగం గుర్తుందా, అందులో వేసే నల్ల పొడి ఇదే. అదే రియాక్టర్, అదే బాటమ్ వాల్వ్, అదే ట్రాన్స్‌ఫర్ లైన్‌లో మూలల్లో ఇరుక్కున్న మాంగనీస్ మీదకి పెరాక్సైడ్ వెళ్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. 30 శాతం పెరాక్సైడ్ లీటరు పూర్తిగా విరిగితే దాదాపు 100 లీటర్ల ఆక్సిజన్ వస్తుంది, దాంతోపాటు వేడి. లోపల టోలీనో మిథనాలో ఉంది, పైన వేపర్ స్పేస్‌లో ఆక్సిజన్ చేరుతోంది, ఒక స్టాటిక్ స్పార్క్ చాలు. క్లీనింగ్ అయ్యాక రిన్స్ నీళ్లలో మాంగనీస్ ఎంతుందో టెస్ట్ చేసి రిపోర్ట్ చేతికొచ్చేదాకా ఆ లైన్‌లోకి పెరాక్సైడ్ రానివ్వొద్దు. అసలు ఆ ట్రయల్‌కి వేరే గ్లాస్‌లైన్డ్ రియాక్టర్ దొరికితే అదే మంచిది.

అసిటోన్ సాల్వెంట్‌గా గానీ, వాష్‌గా గానీ ఆ చుట్టుపక్కలకి రావద్దు. యాసిడ్ చుక్క కూడా ఉంటే అసిటోన్ పెరాక్సైడ్ తయారవుతుంది, అది పేలుడు పదార్థం. ల్యాబ్‌లో గ్లాస్‌వేర్ కడిగే అసిటోన్ బాటిల్ గురించి కూడా చెప్తున్నా. బ్యాచ్ అయ్యాక స్టార్చ్ అయోడైడ్ పేపర్ నీలంగా మారకుండా ఉండేదాకా సల్ఫైట్‌తో క్వెంచ్ చేయాలి, అది చేయకుండా వేస్ట్ డ్రమ్‌కి మూత బిగిస్తే ఎండలో ఆ డ్రమ్ ఉబ్బుతుంది. వెంట్ ఉన్న మూత పెట్టండి.

"బైప్రొడక్ట్ నీళ్లే" అన్నది ట్రేడర్ల మాట. క్వెంచ్ చేసిన సల్ఫైట్ సల్ఫేట్ అయి హెచ్‌టీడీఎస్ (ఉప్పు ఎక్కువున్న వ్యర్థజలం) ట్యాంక్‌లోకి పోతుంది, అక్కడ్నుంచి నీళ్లు ఆవిరి చేసే ఎంఈఈ, ఆరబెట్టే ఏటీఎఫ్‌డీ, మిగిలిన ఉప్పు మళ్లీ టీఎస్‌డీఎఫ్. పెరాక్సైడ్ ఎంత ఎక్కువ వేస్తే అంత ఉప్పు. ఈ లెక్క కూడా ఆ కస్టమర్ షీట్‌లో వేయండి.

బొల్లారం_బ్యాచ్:

బాబాయ్ గారూ, పరవాడ అన్నా, చాలా థాంక్స్. మాంగనీస్ మీద పెరాక్సైడ్ పాయింట్ మా మీటింగ్‌లో ఎవరి నోటా రాలేదు, శాంపిల్ పక్కన పెట్టించాను. మరి పెరాక్సైడ్ వద్దనుకుంటే గాలితో చేసే దారి ఉందా? ప్లాటినం ఆన్ కార్బన్ మా దగ్గర హైడ్రోజినేషన్‌కి ఎలాగూ ఉంది. ఖరీదు పర్వాలేదు, తిరిగి వస్తుందంటే.

తార్నాక_స్కాలర్:

ఉంది, మీ మాలిక్యూల్‌కి అసలు చూడాల్సింది అటువైపే. మెటల్ కార్బన్ పైభాగంలోనే ఉంటుంది కాబట్టి టీఎస్-1లా సైజు అడ్డం రాదు. ప్లాటినం ఒక్కటే వాడితే కాసేపటికి దాని ఉపరితలమే ఆక్సిజన్‌తో కప్పుకుపోయి పడుకుంటుంది, అందుకే కొంచెం బిస్మత్ కలిపిన ప్లాటినం వాడతారు, గ్యాస్ కూడా ఆకలికి సరిపడా మాత్రమే పంపుతారు. అల్యూమినా మీద రుథీనియం గురించి 2002లో యమగుచి, మిజునో రాసిన పేపర్ చదవండి, బెంజైల్ ఆల్కహాల్స్‌కి బాగా నడుస్తుంది. 2006లో హచింగ్స్ వాళ్లు టైటానియా మీద బంగారం, పల్లాడియం కలిపి సాల్వెంటే లేకుండా బెంజాల్డిహైడ్ చేశారు, చదవడానికి బావుంటుంది గానీ మన కొనుగోలు విభాగానికి చెప్తే నవ్వుతారు. నీళ్లు, బేస్ వేయకండి. ఆల్డిహైడ్ నీళ్లని కలుపుకుని యాసిడ్ దాకా పోయేది ఆ దారిలోనే. మీకు ఆల్కాక్సీ గ్రూపులు ఉన్నాయి కాబట్టి ఆ బెడద కొంచెం తక్కువే ఉండాలి.

100 కిలోల బ్యాచ్ అనుకుందాం. కావాల్సిన ఆక్సిజన్ 9 కిలోల లోపే, మామూలు ప్రెషర్‌లో 6 ఘనపు మీటర్ల చిల్లర. మీరు వేస్తున్న 4 క్వింటాళ్ల మాంగనీస్ పొడి పక్కన ఈ అంకె పెట్టి మీ ఎండీ గారికి చూపించండి, ఇంకేం చెప్పనక్కర్లేదు. కాకపోతే నేరుగా గాలి వాడలేరు. టోలీన్ ఆవిరి మండటానికి కనీసం కావాల్సిన ఆక్సిజన్ 9, 10 శాతం మధ్య ఉంటుంది, అందుకని నైట్రోజన్‌లో 8 శాతం లేదా అంతకన్నా తక్కువ కలిపిన గ్యాస్ వాడతారు. అప్పుడు ఆ 6 కాస్తా 78 ఘనపు మీటర్లవుతుంది, అదీ ప్రతి ఆక్సిజన్ అణువూ పనిచేస్తేనే.

ఇక లీచింగ్. మెటల్ కరిగి ద్రవంలోకి వచ్చి అక్కడ పనిచేస్తుంటే, పొడి ఊరికే డబ్బాలా ఉంటే, మనం దాన్ని సాలిడ్ క్యాటలిస్ట్ అని ఎలా అంటాం? 90ల్లో క్రోమియం, వెనేడియం కలిపిన మాలిక్యులర్ సీవ్‌ల మీద పేపర్లు వరదలా వచ్చాయి, షెల్డన్ బృందం కూర్చుని పరీక్షిస్తే చాలావాటిలో పని చేసింది కరిగిపోయిన మెటలే అని తేలింది. పరీక్ష కష్టమైనదేం కాదు. కన్వర్షన్ (ఆల్కహాల్ మారిన శాతం) 30, 40 శాతం దగ్గరికి రాగానే రియాక్షన్ ఉన్న టెంపరేచర్‌లోనే ఫిల్టర్ చేయాలి, ఆ ఫిల్ట్రేట్‌ని అదే వేడిలో, అదే గ్యాస్ కింద ఇంకో రెండు గంటలు నడిపి ఎంత మారిందో హెచ్‌పీఎల్‌సీలో చూడాలి. కన్వర్షన్ అక్కడే ఆగిపోతే మంచిది, ముందుకు పోతుంటే మెటల్ కరిగినట్టు. చల్లారాక ఫిల్టర్ చేస్తే లాభం లేదు, కరిగిన మెటల్ చల్లబడ్డప్పుడు మళ్లీ పొడి మీదకి చేరిపోతుంది, మీకు అంతా బావున్నట్టే కనిపిస్తుంది. బెంజైల్ ఆల్కహాల్స్‌తో ఒక చిక్కు ఉంది, మెటల్ లేకపోయినా ర్యాడికల్ చైన్ మొదలైతే అది దానంతటదే కొంతసేపు నడుస్తుంది, కాబట్టి ఫిల్ట్రేట్‌లో ర్యాడికల్ ఆపే బీహెచ్‌టీ చిటికెడు వేసి కూడా ఒకటి నడపండి.

ఆ ఐదు సైకిళ్ల లైను నమ్మకపోవడం మంచిదే. క్యాటలిస్ట్ అవసరానికి మించి వేసి, ప్రతిసారీ 100 శాతం కన్వర్షన్ దాకా ఆపకుండా నడిపితే సగం చచ్చిపోయినా ఐదోసారి కూడా 100 శాతమే వస్తుంది. మొదటి పది, ఇరవై నిమిషాల వేగాన్ని సైకిల్ సైకిల్‌కీ పోల్చి చూడాలి. ప్రతిసారీ కొద్దికొద్దిగా కరుగుతూ ఐదుసార్లు పనిచేసే క్యాటలిస్ట్‌లు కూడా ఉంటాయి, అందుకే ఫిల్ట్రేట్‌లో మెటల్ ఎంతుందో కొలిచే ఐసీపీ తప్పనిసరి. చివరికి మీది నోటి మందులోకి వెళ్లేదైతే ప్లాటినం, పల్లాడియం, రుథీనియం మూడింటికీ ఐసీహెచ్ (మందుల ప్రమాణాల అంతర్జాతీయ సంస్థ) పరిమితి రోజుకి దాదాపు 100 మైక్రోగ్రాములు, రోజు డోసు 10 గ్రాములు అనుకుంటే 10 పీపీఎం. మధ్యలో ఇంకా క్రిస్టలైజేషన్లు ఉంటే కష్టం కాదు.

గట్టిగా పట్టుకుని ఉండే సాలిడ్ కావాలంటే అయాన్ ఎక్స్‌ఛేంజ్ మంచి దారి. మా తార్నాక ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ (ఐఐసీటీ)లో చౌదరి గారు, లక్ష్మీకాంతం గారి బృందం 2001లో ఆస్మియం ఉండే ఆస్మేట్‌ని లేయర్డ్ డబుల్ హైడ్రాక్సైడ్ మట్టి పొరల మధ్య అలాగే పట్టించి డైహైడ్రాక్సిలేషన్ (డబుల్ బాండ్‌కి రెండు ఓహెచ్ గ్రూపులు కలపడం) చేశారు. ఆస్మియం లాంటి విషపు మెటల్‌ని పొడిలో ఉంచి ఫిల్టర్ చేయగలగడం అప్పట్లో చిన్న విషయం కాదు.

పాతకాపు_ప్రొడక్షన్:

అందరూ ప్లాటినం, బంగారం అంటున్నారు, బావుంది. నాదొకటే ప్రశ్న, 8 ఈక్వివలెంట్లు ఎవరు ఫిక్స్ చేశారు? థియరీ ప్రకారం ఒకటి చాలు. మాంగనీస్ డైఆక్సైడ్‌కి నీళ్లంటే పడదు, రియాక్షన్‌లో పుట్టే నీళ్లే దాని ఉపరితలాన్ని ముంచేస్తాయి, అందుకే జనం పొడి మీద పొడి వేస్తుంటారు. మీరు ఉన్నది టోలీన్‌లోనే కదా, రిఫ్లక్స్‌లో నీళ్లు విడదీసే డీన్ స్టార్క్ తగిలించి 8ని 3కి దించే ట్రయల్ ఈ వారమే పెట్టండి. కొత్త క్యాటలిస్ట్ క్వాలిఫై అయ్యేసరికి ఏడాది పడుతుంది, అప్పటిదాకా సగం పైన స్లడ్జ్ తగ్గితే చెడ్డదా?

టెంపో (ఆక్సిడేషన్‌ని నడిపే ఆర్గానిక్ క్యాటలిస్ట్), బ్లీచ్ కలిపి చేసేది ఎవరైనా చెప్తారని చూశాను, చెప్పలేదు కాబట్టి నేనే చెప్తా. చవక, వేగం, సున్నా డిగ్రీల దగ్గర గంటలో అయిపోతుంది. కానీ బ్లీచ్‌లో మొదట్నుంచే సమానంగా ఉప్పు ఉంటుంది, వాడాక మిగతాదీ ఉప్పే అవుతుంది, కిలో ఆల్కహాల్‌కి 650 గ్రాముల దాకా ఉప్పు, నాలుగైదు లీటర్ల నీళ్లలో. పైగా మీ రింగ్ మీద ఆల్కాక్సీలు ఉన్నాయి, క్లోరిన్ వెళ్లి రింగ్ మీద కూర్చుందంటే ఆ ఇంప్యూరిటీని తీయడం మీ వల్ల కాదు.

పరవాడ_నైట్‌షిఫ్ట్:

పాతకాపు గారి మాటే ముందు చేయండి బ్రో, హాజాప్ (ప్రమాదాల విశ్లేషణ) మళ్లీ కొత్తగా రాయక్కర్లేదు. ఆక్సిజన్ మిక్స్ గ్యాస్ వాడే రోజు వస్తే మాత్రం 8 శాతం అనే అంకెని అలాగే పట్టుకోవద్దు, ప్రెషర్ పెంచినా టెంపరేచర్ పెంచినా ఆ హద్దు కిందకి దిగుతుంది, మీ సాల్వెంట్‌కి మీ కండిషన్లలో కొలిపించుకోవాలి. వెంట్ లైన్‌లో ఆక్సిజన్ ఎనలైజర్, అది దాటితే గ్యాస్ ఆపి నైట్రోజన్ తెరుచుకునే ఇంటర్‌లాక్, ఈ రెండూ లేకుండా మా షిఫ్ట్‌లో అయితే బ్యాచ్ స్టార్ట్ చేయనివ్వం.

బొల్లారం_బ్యాచ్:

సరే అండి. డీన్ స్టార్క్ ట్రయల్ రేపే మొదలు పెడుతున్నాం, 5 ఈక్వివలెంట్లు, 3 ఈక్వివలెంట్లు రెండూ. పక్కన ల్యాబ్‌లో బిస్మత్ కలిపిన ప్లాటినంతో చిన్న ఆటోక్లేవ్‌లో చూస్తాం, స్కాలర్ గారు చెప్పినట్టు వేడి మీద ఫిల్ట్రేషన్ చేసి. ఒక్కటి మిగిలింది, ఆక్సిడేషన్‌లో వాడిన ప్లాటినం కార్బన్‌ని హైడ్రోజినేషన్ క్యాటలిస్ట్‌లాగే నీళ్ల కింద తడిగా ఉంచి, ప్లాటినం తిరిగి తీసే రిఫైనర్‌కి పంపొచ్చా? మా స్టోర్స్ అతను ఇది హైడ్రోజన్ చూడలేదు కాబట్టి ఆరబెట్టి పంపిద్దాం, బరువు తగ్గుతుంది అంటున్నాడు.

పరవాడ_నైట్‌షిఫ్ట్:

ఆరబెట్టొద్దు. హైడ్రోజన్ లేకపోయినా కార్బన్ రంధ్రాల్లో టోలీన్ ఉంటుంది, పక్కనే ప్లాటినం ఉంది, గాలి తగిలితే దానంతటదే రాజుకుంటుంది. ముందు నైట్రోజన్ కింద సాల్వెంట్ వాష్, తర్వాత నీళ్లతో వాష్, కేక్ మీద నీళ్లు నిలిచేలా ఉంచి యాంటీస్టాటిక్ లైనర్ ఉన్న డ్రమ్‌లో నింపండి. రిఫైనర్ బిల్ కట్టేది బరువు చూసి కాదు, శాంపిల్ తీసి ప్లాటినం ఎంతుందో ఎస్సే చేసి. నీళ్ల బరువుకి పోయేది రవాణా ఖర్చే. కడిగిన ఫిల్టర్ క్లాత్, హైఫ్లో కూడా అందులోనే వేసి పంపండి, అక్కడ కూడా ప్లాటినం పోతుంది.